మీ నంబరు ఎవరి ఫోన్‌లో సేవ్ అయి ఉంది?



పోయిన ఇత్వార్ నాడు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. కథలు రాస్తాడు. మంచి కలం. పోయినేడు అప్పు చేసి మూడొందల కాపీలు పుస్తకం వేయించుకున్నాడు. "ఆపా, ఫేస్‌బుక్‌లో నాకు ఐదు వేల మంది ఫ్రెండ్స్. పుస్తకం వచ్చిందని పోస్ట్ పెడితే ఆరొందల మంది ముబారక్ అన్నారు. పైసలిచ్చి కొన్నది నలభై ఒక్కమంది. అందులో మన ఖౌమ్ వాళ్లు ఆరుగురు. మనవాళ్లు చదవరు ఆపా. బస్, ఖతం" అన్నాడు.

ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ముషాయిరాల్లో విన్నాను, పుస్తకావిష్కరణ సభల్లో విన్నాను, ఇరానీ హోటళ్లలో చాయ్ తాగుతూ విన్నాను. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో రోజూ చదువుతున్నాను. పెద్ద పెద్ద అదీబ్‌లు కూడా అంటారు. అన్నప్పుడల్లా నేను అదబ్‌తో తల ఊపి ఊరుకున్నాను. ఆ తమ్ముడి గొంతు విన్నాక ఇక ఊరుకోవడం గునాహ్ అనిపించింది. అందుకే రాస్తున్నాను. మనవాళ్లు చదవరనేది ఝూట్. మనం వాళ్ల గడప దాకా వెళ్లలేదనేది సచ్.

నేను మైలార్‌దేవ్‌పల్లిలో ఒక చిన్న స్కూల్లో తెలుగు చెప్తాను. నా క్లాసులో ఎక్కువమంది పిల్లల ఇంటి జుబాన్ ఉర్దూ, అదీ మన దక్కనీ. తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. చట్టం వల్లనో, బతుకు అవసరం వల్లనో, ఈ పిల్లలు తెలుగు చదువుతున్నారు. ఇంట్లో అమ్మీకి తెలుగు అక్షరం రాదు. అబ్బాకి వచ్చినా కాటేదాన్‌లో షిఫ్ట్ దిగి వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. కరెంటు బిల్లు చదివేది ఆ పిల్ల. ఆస్పత్రి చీటీ చదివేది ఆ పిల్ల. నానీమాకి గోలీల డబ్బా మీద ఏం రాసుందో చెప్పేది కూడా ఆ పిల్లే. ఇంటిల్లిపాదికీ ఆమె కళ్లే ఆధారం. గుంటూరు, ప్రకాశం వైపు దూదేకుల ఇళ్లలోనైతే ఈ తకలీఫ్ కూడా లేదు, అక్కడ ఉయ్యాల పాటలు కూడా తెలుగే. మరి ఈ ఇళ్లలోకి మన కథ ఒక్కటైనా ఎలా చేరాలో ఎవరైనా సోచాయించారా?

చదవరంటారా? మీ ఖాందాన్ వాట్సాప్ గ్రూపు తెరిచి చూడండి. పొద్దున ఫజర్ అయిన దగ్గర్నుంచి మూరెడు పొడుగు మెసేజ్‌లు. ఒక కోడలి సబర్ గురించి, ఒక తండ్రి చెప్పులు అరిగిన సంగతి గురించి, నీతి కథలు, కన్నీటి కథలు. ఎవరు రాశారో పేరుండదు. అవన్నీ చదువుతారు, ఏడుస్తారు, పది మందికి పంపుతారు. ఒకరోజు కర్నూలు నుంచి మా ఖాలా కోడలు నాకొక కథ ఫార్వర్డ్ చేసింది. "ఎవరో రాశారు వదినా, దిల్ కరిగిపోయింది, జరూర్ చదువు" అని కింద రాసింది. తెరిచి చూస్తే అది నా కథే! పైన పేరు లేదు, కింద పేరు లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా ఇంటి మనిషే నా కథను ఎవరో రాశారనుకుని నాకే పంపింది. అఫ్సోస్, తప్పు ఆమెది కాదు. కథ లోపల నా పేరు లేకుండా దాన్ని గాలికి వదిలింది నేను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మనం ఆన్‌లైన్‌కి వచ్చేటప్పుడు ముషాయిరా మహెఫిల్‌ని అట్లాగే ఎత్తుకొచ్చి ఫేస్‌బుక్‌లో పరిచాం. నేను రాస్తే మీరు వాహ్ అంటారు, మీరు రాస్తే నేను సుభానల్లాహ్ అంటాను. దాద్ ఇచ్చేవాడూ కవే, పుచ్చుకునేవాడూ కవే. ఐదు వేల మంది ఫ్రెండ్స్ అంటే అదేదో పెద్ద దౌలత్ కాదు. ఒక ఖాతాకి ఫేస్‌బుక్ ఇచ్చే హద్దే ఐదు వేలు. ఆ ఐదు వేలలో ఎందరు మనలాగే రాసేవాళ్లో, తమ పుస్తకం ఎవరైనా కొంటారేమోనని ఎందరు చూస్తున్నారో లెక్క పెట్టండి. ఆ తమ్ముడికి ముబారక్ చెప్పిన ఆరొందల మందిలో చాలామంది ఇంట్లోనూ అమ్ముడుపోని కాపీల కట్టలు ఉండి ఉంటాయి.

మనకంటే ముందు తరం చేసిన మెహనత్‌ని నేను తక్కువ చేయడం లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' కథల సంకలనం స్కైబాబ సంపాదకత్వంలో వచ్చాయి. ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు రాశాడు, షాజహానా 'నఖాబ్' రాసింది, వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. వాళ్లు తెలుగు దునియాకి "మేమూ ఇక్కడే ఉన్నాం, మా ఇల్లు ఇట్లా ఉంటుంది" అని చెప్పారు. ఆ పని జరూరీ. వాళ్లు ఆ తలుపు తెరవకపోతే నేనిలా రాసేదాన్నే కాదు. కానీ ఆ అలవాటులోనే మనం ఉండిపోయాం. ఇప్పటికీ 'ఫుప్పు' అని రాసి పక్కన 'మేనత్త' అని మతలబ్ చెప్తున్నాం. ఎవరికి చెప్తున్నాం? ఫుప్పుకి ఫుప్పు అంటే ఎవరో తెలియదా? బయటివాళ్లకి ఇల్లు చూపించడంలో పడి, ఇంట్లో కూర్చున్న మనిషిని పలకరించడం మరిచాం. ఆమె మన పుస్తకంలో పాత్రగా ఉంది, పాఠకురాలిగా లేదు.

నాకు ఈ అఖల్ ఎట్లా వచ్చిందో చెప్తాను. 2020 అక్టోబర్‌లో వానలు పడ్డాయి, యాదుందిగా? గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి ఎయిర్‌పోర్టు రోడ్డు కొట్టుకుపోయింది. ఇటు పల్లె చెరువు పొంగి మా అలీనగర్ మీద పడింది. ఒకే ఖాందాన్‌లో ఎందరో మనుషులు నీళ్లలో పోయారు. ఆ వారం నేను రెండు రాతలు రాశాను.

మొదటిది ఫేస్‌బుక్‌లో. చెరువుల కబ్జాల గురించి, గరీబుల బస్తీల గురించి కోపంగా రాశాను. అది నిజమే, అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. తొమ్మిదొందల మంది షేర్ చేశారు. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి కొట్లాడుకున్నారు. ఒకాయన నన్ను ఏ దేశం పొమ్మన్నాడో మీకు చెప్పనక్కర్లేదు. పది రోజులకి అందరూ ఇంకో జగ్‌డాకి వెళ్లిపోయారు. ఒక్కరంటే ఒక్కరు నా తర్వాతి కథ చదవలేదు.

రెండోది మా స్కూలు పిల్లల అమ్మీల కోసం రాసింది. నీళ్లలో తడిసిన కాగితాలు ఎట్లా ఆరబెట్టాలి, ఏ కాగితం పోతే ఏ దఫ్తర్‌కి వెళ్లాలి, సర్కారు ప్రకటించిన పది వేల రూపాయల ఇమ్‌దాద్ కోసం వెళ్లేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలి. సీదాసాదా తెలుగు, మధ్యమధ్య మన అల్ఫాజ్. ముప్పై నాలుగు మందికి వాట్సాప్‌లో పంపాను. కింద నా పేరు, నంబరు రాశాను. అది గల్లీ గల్లీ తిరిగింది. లక్ష్మీగూడ నుంచి, శాస్త్రిపురం నుంచి ఫోన్లు వచ్చాయి. పని అయ్యాక ఒకామె అడిగింది, "టీచర్, మీరు ఇంకా ఏం రాస్తారు?" కథలు రాస్తానన్నాను. "అయితే పంపండి, మా బిడ్డ చదివి వినిపిస్తది" అంది.

ఆ మాటతో మొదలైంది నా చిన్న దుకాణం. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని ఒకటుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. దానికొక షర్తు ఉంది. మీ నంబరు ఎవరైతే తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నారో వాళ్లకే మీ మెసేజ్ చేరుతుంది. సేవ్ చేసుకోకపోతే మీరు ఎంత గొప్పగా రాసినా వాళ్ల దాకా పోదు. చాలామంది ఈ షర్తుని చూసి చిరాకు పడతారు. నాకైతే రాసేవాళ్లకు ఇంతకంటే మంచి తరాజు లేదనిపిస్తుంది. లైక్ కొట్టడానికి బొటనవేలు కదిపితే చాలు. నంబరు సేవ్ చేసుకోవాలంటే ఆ మనిషి ఆగాలి, మీ పేరు టైపు చేయాలి, "ఈమె మళ్లీ రాస్తే నాకు కావాలి" అని దిల్‌లో అనుకోవాలి. అట్లా అనుకున్నవాళ్లు ఇద్దరున్నా మీకు ఇద్దరు పాఠకులున్నట్టు. ఐదు వేల మందిలో ఒక్కరూ అనుకోకపోతే మీకు ఉన్నది భీడ్ మాత్రమే.

నా మొదటి లిస్టు నిండడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు రెండోది నడుస్తోంది. జుమేరాత్ సాయంత్రం, మగ్రిబ్ తర్వాత ఒక కథో, ఒక ముచ్చటో పంపుతాను. దానితో పాటు నేనే చదివిన ఆడియో. ఎందుకంటే వినేవాళ్లలో సగం మందికి ఏ అక్షరమూ రాదు, ఉర్దూ కూడా రాదు. ప్యాకింగ్ పని చేసే ఆడవాళ్లు ఫోన్ పక్కన పెట్టుకుని వింటారు. కథ పొడుగుంటే పది నిమిషాల చొప్పున ముక్కలు చేస్తాను. వారం తప్పితే జుమా పొద్దున్నే ఫోన్, "క్యా టీచర్, తబియత్ ఖరాబా?" అని. ఐదు వేల ఫ్రెండ్స్ ఉన్న ఏ అదీబ్‌కైనా ఇట్లాంటి ఫోన్ వస్తుందా?

రెండేళ్ల కిందట ఒక కథ పంపాను. అందులో ఒక ఇంట్లో మియా ఇంతెఖాల్ అవుతాడు. నలుగురు ఆడవాళ్లు చేరి ఆ బీవీ మెడలోంచి కాలీపోత్ లచ్ఛా తీసేస్తారు. ఫేస్‌బుక్‌లో ఆ కథకి ఏడొందల లైకులు. ఒక పెద్దాయన "గుండెను పిండేశారు" అని రాశాడు. మరునాడు నా స్టూడెంట్ ఫోన్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ పిల్ల తన నానీమాకి కథ చదివి వినిపించిందట. ముసలామె గొంతు: "బేటా, నీ కథ సునాయించింది నా మనవరాలు. అంతా మంచిగుంది. ఒక్కటి గలత్ రాశినవ్. నా లచ్ఛా ఎవరూ తియ్యలే. నేనే తీసుకున్న. తీసి తకియా కింద పెట్టుకున్న. నలభై దినాలు దాని మీదనే పన్న. నీకెవరు చెప్పిన్రు నలుగురు తీస్తరని?" నలభై ఏడు సెకన్ల మెసేజ్. ఆ సంగతి ఆమె తన కూతుళ్లకి కూడా ఎప్పుడూ చెప్పలేదట. నేను కథ మళ్లీ రాశాను. ఏడొందల లైకులు నా కథని ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అక్షరం రాని ఖాలా మార్చింది. రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ రిష్తా అంటే ఇదీ అని నాకు ఆరోజు తెలిసింది.

ఇక ఈ వేదికల సంగతి. అవన్నీ కిరాయి ఇళ్లు. కిరాయి ఇంట్లో ఉండొద్దని నేననను, హైదరాబాద్‌లో సగం మందిమి కిరాయికే ఉంటాం. కానీ సామాను ఎక్కడుందో తెలిసి ఉండాలి. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఒకప్పుడు తెలుగు సాహిత్య చర్చలు నడిచిన యాహూ గ్రూపులు 2020 డిసెంబర్‌లో ఆగిపోయాయి. టిక్‌టాక్‌ని 2020 జూన్ 29న సర్కారు బంద్ చేసింది. మా వీధిలో ఒక పిల్లవాడికి అందులో లక్ష మంది ఉండేవాళ్లు. పొద్దున లేచేసరికి ఒక్కరు లేరు, ఒక్కరి నంబరు కూడా వాడి దగ్గర లేదు. ఫేస్‌బుక్ 2018 జనవరిలో తన లెక్క మార్చుకుంది, పేజీల రాతల కంటే దోస్తుల, బంధువుల ముచ్చట్లు ముందు చూపిస్తామంది. పేజీలు పెట్టుకుని మెహనత్ చేసినవాళ్లు ఒక్కసారి అంధేరాలో పడ్డారు. రేపు వాట్సాప్ కూడా పోవచ్చు. పోనీ! నా పాఠకుల పేర్లు, నంబర్లు ఒక నోటుబుక్కులో ఇంకుతో రాసి పెట్టుకున్నాను. ఏ కంపెనీ మూతపడినా ఆ నోటుబుక్కు మూతపడదు.

"ఆపా, మీరు ఆడమనిషి. నంబరు ఇవ్వడం ఏంటి?" అని అడిగేవాళ్లున్నారు. సవాల్ సరైందే. 2021 జులైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి ముస్లిం ఆడవాళ్ల ఫొటోలు వాళ్ల ఇజాజత్ లేకుండా ఎత్తుకెళ్లి నీలాం పెడుతున్నట్టు చూపించిన యాప్‌లు మనం మరిచిపోలేదు. అందులో రాసేవాళ్లున్నారు, జర్నలిస్టులున్నారు. వాళ్ల కుసూర్ ఏంటి? పేరు పెట్టుకుని మాట్లాడటమే. ఆ రోజు మా అమ్మీ నా ఫొటో తీసెయ్యమంది, మా భాయి రాయడమే ఆపెయ్యమన్నాడు. ఫొటో తీశాను. పేరు తీయలేదు, రాయడం ఆపలేదు. రాతల కోసం వేరే సిమ్ తీసుకున్నాను. ఎవరైనా కొత్తవాళ్లు చేరాలంటే లిస్టులో ఉన్నవాళ్లు ఒకరు జిమ్మేదారీ తీసుకోవాలి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు, గ్రూపులోనైతే అందరికీ కనపడుతుంది. మన ఆడవాళ్లకి ఇది పెద్ద సహూలత్. రీల్స్ చేయి, మొహం చూపించు, లైవ్ పెట్టు, అప్పుడే పాఠకులు వస్తారని ఉపన్యాసాలు ఇచ్చే భాయీలకు నేను చెప్పేది ఒకటే. మా ఇజ్జత్‌కి వెల కట్టేవాళ్లు బయట తిరుగుతున్న కాలంలో, ఎవరి ముందుకి ఎంత రావాలో నిర్ణయించే హక్ మాది. మొహం లేకుండా, గొంతుతో, పేరుతో కూడా పాఠకుల్ని సంపాదించొచ్చు. నేను సంపాదించాను.

ఇది కొత్త సంగతేం కాదు. 1898లో లాహోర్ నుంచి 'తహ్‌జీబ్-ఎ-నిస్వాన్' అని ఆడవాళ్ల కోసం ఉర్దూ వారపత్రిక మొదలైంది. ఎడిటర్ ముహమ్మదీ బేగం. షరీఫ్ ఇళ్లకి పత్రిక పంపితే తిట్లు రాసి తిప్పి పంపినవాళ్లు ఉన్నారు. మొదటి నెలల్లో వందమంది చందాదారులు కూడా దొరకలేదు. ఆమె ఏం చేసింది? చదివేవాళ్ల ఖత్‌లు అచ్చు వేసింది. పర్దాలో ఉన్న ఆడవాళ్లు ఒకరికొకరు పత్రికలోనే జవాబులు రాసుకున్నారు, తమని తాము తహ్‌జీబీ బహెన్‌లు అని పిలుచుకున్నారు. ముహమ్మదీ బేగం 1908లో చనిపోయింది, పత్రిక ఆమె తర్వాత కూడా దశాబ్దాలు బతికింది. ఎడిటర్ పోయినా ఆ రిష్తా పోలేదు. మన కాలంలో మన తెలుగులో యాకూబ్ 2012లో ఫేస్‌బుక్‌లో 'కవి సంగమం' మొదలుపెట్టారు. అది గుంపుగా మిగలకుండా ఎందుకు నిలబడింది? ఆన్‌లైన్‌లో రాసినవాళ్లని లామకాన్‌కి పిలిచి, ఎదురెదురుగా కూర్చోబెట్టి చదివించారు కాబట్టి. కవులు కవుల్ని అట్లా వెతుక్కున్నారు. ఇక మనం చదివేవాళ్లని వెతుక్కోవాలి.

"రెండు లిస్టుల ఆడవాళ్లు, ఇదేం అదబ్ టీచర్, గల్లీ ముచ్చట" అని ఒక పెద్దాయన నవ్వాడు. నవ్వనివ్వండి. పోయినేడు నేను చిన్న పుస్తకం వేశాను, వంద పేజీలు, వంద రూపాయలు. సభ లేదు, శాలువా లేదు, ముఖ్య అతిథి లేడు. జుమేరాత్ మెసేజ్ కింద ఒక్క లైను రాశాను. నెల తిరగకముందే నూట నలభై కాపీలు పోయాయి. అందులో ఒకటి లచ్ఛా ఖాలా కొంది. మనవరాలి చేతిలో వంద నోటు మడిచి పెట్టి పంపింది. "మీకు చదవడం రాదు కదా ఖాలా, ఊరికే ఇస్తాను" అంటే, "నా మాట ఉందిగా అండ్ల. ఘర్‌లో ఉండాలె" అంది.

ఆ తమ్ముడికి ఫోన్‌లో చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఇంట్లో మిగిలిన కాపీల కట్టలోంచి పది తియ్యి. నీ మొహల్లాలో పది ఇళ్లకి వెళ్లు, చదివే పిల్ల ఉన్న ఇళ్లకి. ఒక కథ చదివి వినిపించు. నచ్చితే నంబరు సేవ్ చేసుకోమను, నచ్చకపోతే ఎందుకో అడుగు. వారంలో ఒక రోజు ఖరారు చేసుకో, పెళ్లొచ్చినా జ్వరమొచ్చినా ఆ రోజు తప్పొద్దు. పంపే ప్రతి రాతలో మొదటి లైనులో ఒకసారి, ఆఖరి లైనులో ఒకసారి నీ పేరు పెట్టు, మా ఖాలా కోడలిలాంటి వాళ్లు ఎంత దూరం పంపినా నీ పేరు కూడా ప్రయాణం చేస్తుంది. ఎవరు జవాబు రాసినా నువ్వు తిరిగి రాయి. దాద్ ఇచ్చినవాళ్లకి షుక్రియా చాలు. గలత్ చెప్పినవాళ్లకి మాత్రం ఫోన్ చెయ్యి, వాళ్లే నీ ఉస్తాద్‌లు. 'ఫుప్పు' పక్కన బ్రాకెట్ తీసెయ్యి. ఫేస్‌బుక్‌లో రాయొద్దని అనను, రాయి. కానీ అక్కడికి వచ్చినవాళ్లలో ఒక్కరినైనా నీ నోటుబుక్కులోకి తెచ్చుకోకుండా నిద్రపోకు.

చదివేవాళ్లారా, మీ మీద కూడా ఒక షికాయత్ ఉంది. ఎవరి రాతైనా మీ దిల్‌కి తాకితే దాని మీద పేరు తుడిచేసి ముందుకు పంపకండి. పేరు లేకపోతే అడగండి, ఎవరు రాశారని. దొరికితే ఒక్క మెసేజ్ పెట్టండి, చదివాను అని. తప్పుంటే తప్పని చెప్పండి. ఆ ఒక్క మాట కోసం రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని రాసేవాళ్లు మీ గల్లీలోనే ఉన్నారు.

ఈ రాత్రి ఫోన్ తీసి, రాసేవాళ్ల పేరు ఒక్కటి సేవ్ చేసుకోండి. నాదే కానక్కర్లేదు. ఆ తమ్ముడిదైనా సరే.

అల్లా హాఫిజ్.